నగర ప్రముఖులు ఎవరు? – మాదాపూర్ నుంచి హైదరాబాద్ దళిత చరిత్రను చూస్తే

2025 డిసెంబర్‌లో ఒక ప్రతిపాదన పత్రికల్లో వచ్చింది. హైదరాబాద్ ఐటీ కారిడార్‌లోని రోడ్లకు, కూడళ్లకు గూగుల్, మైక్రోసాఫ్ట్, విప్రో వంటి కంపెనీల పేర్లు పెట్టాలనీ, అమెరికా కాన్సులేట్ పక్క రోడ్డుకు ఆ దేశాధ్యక్షుడు ట్రంప్ పేరు పెట్టాలనీ ఆ ప్రతిపాదన. దాని మీద కొంత నవ్వులాట, కొంత రాజకీయ రగడ నడిచింది. ఈ రగడలో మాకు వినబడని ప్రశ్న ఒకటుంది. ఈ నగరంలోనే పుట్టి, ఈ నగరానికి బడులు కట్టి, పత్రికలు నడిపి, సభలు పెట్టిన అంటరాని కులాల మనుషుల పేర్లు ఈ రోడ్లకు ఎందుకు పనికిరావు? అసలు వాళ్ల పేర్లు ఎవరికైనా గుర్తొచ్చాయా?

మాదాపూర్‌లో ఒక బస్తీలో సాయంత్రాలు పిల్లలకు పాఠాలు చెప్పే మిత్రుడొకరున్నారు. ఆయనతో కలిసి ఒకరోజు అక్కడికి వెళ్లాం. తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి బడిలో ఇచ్చిన ప్రాజెక్టు రాస్తోంది: 'మన నగర ప్రముఖులు'. నవాబు ఒకరు, కవయిత్రి ఒకరు, క్రికెటర్ ఒకరు, సినిమా నటుడు ఒకరు, కంపెనీ సీఈఓ ఒకరు. అయిదు బొమ్మలు అంటించింది. వాళ్లమ్మ ఎదురుగా కనిపించే అద్దాల మేడలోనే హౌస్‌కీపింగ్ పని చేస్తుంది. ఆ అమ్మాయి మమ్మల్ని అడిగింది: "మనోళ్లల్ల పెద్దోళ్లు ఎవ్వరూ లేరా సార్?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఈ వ్యాసం. మేం కూడా మా ఇళ్లల్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం వాళ్లమే. డిగ్రీ దాకా చదివినా మాకెవరూ భాగ్యరెడ్డి వర్మ పేరు చెప్పలేదు. కాబట్టి ఆ అమ్మాయికి తెలియకపోవడం ఆమె తప్పు కాదు.

'ప్రముఖులు' ఎట్లా తయారవుతారు?

'ప్రముఖుడు' అనే మాట వినగానే ప్రతిభ వల్ల పైకొచ్చిన మనిషి అనుకుంటాం. ప్రతిభను మేము కాదనడం లేదు. కానీ ప్రతిభ ఒక్కటే మనిషిని ప్రముఖుడిని చెయ్యదు. చదువుకోవడానికి ఒక బడి కావాలి. మాట్లాడటానికి ఒక వేదిక కావాలి. చనిపోయాక ఆ మనిషి చేసిన పనిని రాసిపెట్టే చెయ్యి కావాలి. ఈ మూడూ ఎవరి అధీనంలో ఉన్నాయి అనేదాన్ని బట్టే ఎవరు ప్రముఖులవుతారో, ఎవరు మరుగున పడతారో తేలుతుంది. హైదరాబాద్ చరిత్రలోని రెండు బడులను పక్కపక్కన పెట్టి చూస్తే ఈ సంగతి బాగా అర్థమవుతుంది.

మొదటిది 1923లో బేగంపేటలో పెట్టిన జాగీర్దార్స్ కాలేజీ. పేరులోనే ఉంది, అది ఎవరి పిల్లల కోసమో. నిజాం రాజ్యంలోని జాగీర్దార్ల, నవాబుల కొడుకుల కోసం పెట్టిన బడి అది. జాగీర్లు రద్దయ్యాక 1951లో హైదరాబాద్ పబ్లిక్ స్కూల్‌గా మారింది. 2014లో మైక్రోసాఫ్ట్ సీఈఓ అయిన సత్య నాదెళ్ల, 2007లో అడోబ్ సీఈఓ అయిన శంతను నారాయణ్ అక్కడ చదివినవాళ్లే. ఇద్దరూ హైదరాబాద్‌లోనే పుట్టారు. నాదెళ్ల ఒక ఐఏఎస్ అధికారి కొడుకు. వీళ్ల కష్టాన్ని మేము తక్కువ చేయడం లేదు. అయితే ఒక బడి నుంచి ఇంతమంది రావడం వెనుక ఆ బడికి దక్కిన భూమి, డబ్బు, ఇంగ్లీషు, పరిచయాలు ఉన్నాయి. ఇవన్నీ తరాల తరబడి కూడబెట్టినవి.

రెండో బడి అంతకు 13 ఏళ్ల ముందే, 1910లో, ఇసామియా బజార్‌లో మొదలైంది. దాన్ని పెట్టినాయనకు జాగీరు లేదు. ఇతరుల ఇంట్లో పనివాడిగా బతుకు మొదలుపెట్టిన మాల యువకుడాయన. చదివే పిల్లలు అంటరాని వాడలవాళ్లు. రాజ్యభాష ఉర్దూ అయిన రోజుల్లో అక్కడ తెలుగులో చదువు చెప్పారు. ఈ రెండో బడి కథ నగర ప్రముఖుల జాబితాలో ఎక్కడా కనిపించదు.

భాగయ్య నుంచి భాగ్యరెడ్డి వర్మ దాకా

మాదరి భాగయ్య 1888 మే 22న హైదరాబాద్‌లో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి లేని ఇల్లు. కుర్రతనంలో ఇల్లొదిలి డాస్ శాంటోస్ అనే కేథలిక్ బారిస్టరు ఇంట్లో పనికి కుదిరారు. ఆ ఇంట్లోనే చదువు, ప్రపంచ జ్ఞానం అబ్బాయి. ఇక ఆయన పేరు. 'రెడ్డి' అనేది 'రేడు' నుంచి వచ్చిందనీ, అంటే ఏలినవాడనీ, ఈ నేలను ఒకప్పుడు ఏలింది మనవాళ్లేననీ చెప్పి వాళ్ల కుటుంబ గురువు ఆయనకు భాగ్యరెడ్డి అని పేరు పెట్టారంటారు. 1913లో ఆర్యసమాజం వాళ్లు 'వర్మ' బిరుదు ఇచ్చారు. పేరులో రెండు అగ్రకుల బిరుదులున్న ఈ మనిషే జీవితమంతా అగ్రకుల ఆధిపత్యం మీద పోరాడారు. పేరు చూసి ఇప్పటికీ చాలామంది ఆయన్ను రెడ్డి కులస్థుడనుకుంటారు. మరుగున పడటానికి ఇదీ ఒక కారణమే.

1906లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఆయన 'జగన్మిత్ర మండలి' స్థాపించారు. పనిచేసిన తీరు గమనించాలి. చదువురాని వాడల్లోకి కరపత్రాలతో పోలేదు, హరికథలతో పోయారు. మన జనానికి చెవులతో వినే అలవాటుంది కాబట్టి వినే రూపంలోనే సంస్కరణ మాట చెప్పారు. తాగుడు మానాలనీ, పిల్లల్ని బడికి పంపాలనీ, ఆడపిల్లల్ని దేవుడి పేరు మీద జోగినులుగా వదలొద్దనీ చెప్పారు. 1911లో మండలి 'మాన్య సంఘం' అయింది. ఇక 1910లో ఇసామియా బజార్‌లో మొదలైన బడి ఒక్కటిగా ఆగలేదు. 1930ల నాటికి బడుల సంఖ్య 26కు చేరింది. దాదాపు 2,500 మంది పిల్లలు వాటిలో చదివారు. తర్వాత నిజాం ప్రభుత్వం ఆ బడులను తన చేతుల్లోకి తీసుకుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. ఒక నవాబు ఒక్క బడి కడితే ఆ బడికి ఆయన పేరుంటుంది, గోడ మీద పటం ఉంటుంది. అంటరాని కులాల మనిషి ఇరవై ఆరు బడులు నడిపితే ఆ బడులు ప్రభుత్వ రికార్డులో కలిసిపోయి, స్థాపకుడు మాయమైపోయాడు. మన దగ్గర సంస్థలు ఉండేవి కావన్న మాట అబద్ధం. ఉన్న సంస్థలకు మన పేరు నిలవనివ్వలేదన్నదే నిజం.

1917 నవంబర్‌లో విజయవాడలో పంచముల మహాసభ జరిగింది. దానికి అధ్యక్షుడిగా హైదరాబాద్ నుంచి భాగ్యరెడ్డి వర్మను పిలిచారు. ఆయన మొదట చేసిన పని సభ పేరునే ప్రశ్నించడం. వర్ణాలు నాలుగే అయినప్పుడు అయిదోది ఎక్కడిది? మనం పంచములం కాదు, ఈ ఆంధ్ర నేల ఆదివాసులం అని వాదించారు. ఆ సభ 'ఆది ఆంధ్ర మహాజన సభ'గా మారింది. నిజాం రాజ్యంలో ఇదే ఆలోచన 'ఆది హిందూ' పేరుతో సాగింది.

ఈ 'ఆది హిందూ' అనే మాటను ఈ రోజు విద్యార్థులు తప్పుగా అర్థం చేసుకునే ప్రమాదం ఉంది. ఇందులో 'హిందూ' అంటే మతం అని కాదు, ఈ దేశపువాడు అని వాళ్ల అర్థం. 'ఆది' అంటే మొదటివాడు. తరవాత వచ్చినవాళ్లు మమ్మల్ని అంటరానివాళ్లను చేశారు, మేము మాత్రం ఈ గడ్డకు మొదటి హక్కుదారులం అని చెప్పుకోవడం అది. ఆ రోజుల్లో దేశంలో పలుచోట్ల ఇదే గొంతు లేచింది. పంజాబ్‌లో ఆద్ ధర్మ్, తమిళ దేశంలో ఆది ద్రావిడ, ఉత్తరప్రదేశ్ ప్రాంతంలో స్వామి అచ్యుతానంద ఆది హిందూ ఉద్యమం. ఈ గొలుసులో హైదరాబాద్ ఒక ముఖ్యమైన కడియం. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం అంటరాని కులాలను 'ఆది హిందూ'గా నమోదు చేసింది. ఒక నగరపు వాడల్లోంచి పుట్టిన పేరును రాజ్యం లెక్కల పుస్తకంలో రాయించడం చిన్న విజయం కాదు.

చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం కట్టారు. 1931లో 'భాగ్యనగర్' పత్రిక పెట్టారు, తర్వాత దానికే 'ఆది హిందూ' అని పేరు మార్చారు. బడి, వేదిక, పత్రిక మూడూ మనవాళ్లే కట్టుకున్నారన్న మాట. 1939 ఫిబ్రవరి 18న ఆయన చనిపోయారు.

సికింద్రాబాద్ ఒడ్డు

హైదరాబాద్ దళిత చరిత్ర ఒక్క మనిషితో అయిపోదు. హుస్సేన్ సాగర్‌కు అవతల, కంటోన్మెంటు, రైల్వే ఉన్న సికింద్రాబాద్‌లో మరో పాయ ఉంది. దొర దయ మీద బతకక్కర్లేని కూలి అక్కడ దొరికింది. అందుకే అక్కడి వాడల్లో తల ఎత్తిన మనుషులు తొందరగా పుట్టారు. అరిగె రామస్వామి అక్కడ సంస్కరణోద్యమం నడిపారు. బి.ఎస్. వెంకటరావు అంబేద్కర్ ఆలోచనను నిజాం రాజ్యంలోకి తెచ్చినవాళ్లలో ముఖ్యులు. జనం ఆయన్ను 'హైదరాబాద్ అంబేద్కర్' అని పిలుచుకున్నారు.

వెంకటరావు 1947 చివర్లో ఏర్పడ్డ లాయక్ అలీ మంత్రివర్గంలో విద్యాశాఖ మంత్రిగా చేరారు. అణగారిన కులాల చదువు కోసం కోటి రూపాయల నిధి ఏర్పాటు ఆయన పేరుతో ముడిపడి ఉంది. ఔరంగాబాద్‌లో 1908లో పుట్టి హైదరాబాద్‌లో పనిచేసిన బి. శ్యామ్‌సుందర్ 1948లో ఐక్యరాజ్య సమితికి వెళ్లిన నిజాం ప్రతినిధి బృందంలో ఉన్నారు. ఆయనే 1968లో భీమ్ సేన స్థాపించారు.

వీళ్లు ఎందుకు మరుగున పడ్డారో చెప్పడం కష్టమేమీ కాదు. 1948 సెప్టెంబర్ తర్వాత రాసిన చరిత్రలో నిజాం పక్షాన ఉన్నవాళ్లంతా ఒక గాటన కట్టబడ్డారు. కాంగ్రెస్ జెండా కింద వచ్చేది పటేళ్ల, దేశ్‌ముఖ్‌ల రాజ్యమే అయితే మా గతి ఏమిటని ఈ నాయకులు వేసిన ప్రశ్న ఆ చరిత్రలో ఇమడలేదు. అయితే మేము వాళ్లను పూజించమని చెప్పడం లేదు. రజాకార్ల దౌర్జన్యం చూసిన పల్లె దళితులకు ఆ నిర్ణయం మింగుడు పడకపోయి ఉండొచ్చు. తప్పో ఒప్పో చర్చించడానికైనా ముందు ఆ పేరు మన పిల్లలకు తెలియాలి కదా.

మరొక బాధాకరమైన విషయం కూడా దాచకూడదు. ఆది హిందూ ఉద్యమంలో మాల నాయకత్వమే ముందుండటం వల్ల, తమ మాట చెల్లడం లేదని మాదిగలు 1930ల తొలినాళ్లలో అరుంధతీయుల పేరుతో వేరే సంఘం పెట్టుకున్నారు. 1990లలో దండోరా ఉద్యమం లేవనెత్తిన ప్రశ్నకు వేళ్లు ఈ నగరంలోనే అరవై ఏళ్ల కిందనే ఉన్నాయి. ప్రముఖుల జాబితా నుంచి మనల్ని బయట పెట్టారని అడిగే మనం, మన జాబితాలో ఎవరిని బయట పెడుతున్నామో కూడా అడుక్కోవాలి.

ఇదంతా మాకు ఎట్లా తెలిసింది? రాసిపెట్టిన చెయ్యి ఒకటుంది కాబట్టి. ఈ ఉద్యమంలోనే తిరిగిన పి.ఆర్. వెంకటస్వామి 1955లో 'అవర్ స్ట్రగుల్ ఫర్ ఎమాన్సిపేషన్' అనే పుస్తకం అచ్చు వేశారు. ఎవరు ఎక్కడ సభ పెట్టారు, ఎవరు ఎవరితో గొడవపడ్డారు అన్నీ అందులో ఉన్నాయి. ఈ ఒక్క మనిషి రాయకపోతే పై పేర్లలో సగం మనకు దక్కేవి కావు. నగర ప్రముఖుల్లో ఆయన్ను కూడా చేర్చాలని మేమంటాం.

ఒకే బడి, ఇద్దరు ఆడవాళ్లు

సికింద్రాబాద్‌లోని కీస్ హైస్కూల్‌లో వేర్వేరు కాలాల్లో ఇద్దరు దళిత ఆడపిల్లలు చదువుకున్నారు. ఒకరు 1918 డిసెంబర్ 1న చిలకలగూడలో పుట్టిన జె. ఈశ్వరీబాయి. మాల కులం, రైల్వే ఉద్యోగి బిడ్డ. ఇంకొకరు 1928లో మెహతర్ కుటుంబంలో పుట్టిన టి.ఎన్. సదాలక్ష్మి. మెహతర్లంటే నగరం మలాన్ని ఎత్తిపోసే పని తరతరాలుగా నెత్తిన పడ్డవాళ్లు. అంటరానివాళ్లలో కూడా అంటరానివాళ్లు.

ఈశ్వరీబాయి భర్త చనిపోయాక టీచరు పని చేసుకుంటూ నిలదొక్కుకున్నారు. చిలకలగూడ నుంచి మునిసిపల్ కార్పొరేషన్‌కు గెలిచారు. తర్వాత రిపబ్లికన్ పార్టీలో చేరి రాష్ట్ర స్థాయి నాయకురాలయ్యారు. సదాలక్ష్మి కాంగ్రెస్‌లో ఎదిగి, 1957లో శాసనసభకు వెళ్లారు. 1960ల తొలినాళ్లలో ఉపసభాపతిగా, దేవాదాయ శాఖ మంత్రిగా పనిచేశారు. గుడి మెట్లు ఎక్కనివ్వని కులంలో పుట్టిన ఆడమనిషి గుళ్లన్నిటికీ మంత్రి కావడం ఆ రోజుల్లో చాలామందికి గొంతు దిగలేదు.

1967 ఎన్నికల్లో ఎల్లారెడ్డి నియోజకవర్గంలో ఈ ఇద్దరే తలపడ్డారు. ఈశ్వరీబాయి గెలిచారు, 1972లో మళ్లీ గెలిచారు. 1969 తెలంగాణ ఉద్యమంలో ఇద్దరూ ఒకే వైపు నిలబడ్డారు. సదాలక్ష్మి చివరి రోజుల్లో మాదిగ దండోరాకు అండగా నిలిచి 2004లో కన్నుమూశారు. ఈశ్వరీబాయి 1991లో చనిపోయారు. గోగు శ్యామల రాసిన సదాలక్ష్మి బతుకు కథ 'నేనే బలాన్ని' 2011లో వచ్చింది. ఇక్కడ కూడా ఒక దళిత మహిళే కూర్చుని రాస్తే తప్ప ఆ బతుకు పుస్తకం కాలేదు.

మాదాపూర్‌లో బొమ్మలున్నాయి, పేర్లు లేవు

ఇప్పుడు మళ్లీ మాదాపూర్‌కు వద్దాం. ఇది ఒకప్పుడు రాళ్ల గుట్టలు, చెరువు, చేలు ఉన్న పల్లె. 1998 నవంబర్ 22న సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ తర్వాత గుట్టలు పగిలి మేడలు లేచాయి. గుట్టలు పగలగొట్టిన వడ్డెరోళ్లు, ఇటుకలు మోసిన పాలమూరు కూలీలు ఏ శిలాఫలకం మీదా లేరు.

సైబర్ టవర్స్‌కు దగ్గర్లోనే శిల్పారామం ఉంది. అందులో పల్లె ప్రదర్శనశాల ఉంది. కుమ్మరి, నేతగాడు, రకరకాల చేతిపనులవాళ్లు నిలువెత్తు బొమ్మలై పని చేస్తూ కనిపిస్తారు. సెలవు రోజుల్లో పిల్లలతో వచ్చి జనం ఫొటోలు దిగుతారు. ఆ బొమ్మలకు కులవృత్తి ఉంది, పేరు లేదు. బయట రోడ్లకేమో కంపెనీల పేర్లు పెట్టాలంటున్నారు. శ్రమ చేసే కులాలను బొమ్మలుగా చూడటానికి నగరానికి అభ్యంతరం లేదు. పేరున్న మనుషులుగా, తమ సొంత ఆలోచనతో ఉద్యమాలు కట్టినవాళ్లుగా చూడటానికే అభ్యంతరం.

2016 ఆగస్టులో మాదాపూర్ అయ్యప్ప సొసైటీలో మ్యాన్‌హోల్‌లోకి దిగిన నలుగురు కార్మికులు ఊపిరాడక చనిపోయారు. మనుషులతో ఆ పని చేయించకూడదని 2013లోనే చట్టం వచ్చింది. సదాలక్ష్మి మంత్రి అయిన అయిదు దశాబ్దాల తర్వాత, దేశం మొత్తానికి సాఫ్ట్‌వేర్ నగరంగా చూపించే పేటలో మనుషులు ఇంకా గుంతలోకి దిగి చస్తున్నారు. వాళ్ల పేర్లు మనలో ఎంతమందికి గుర్తున్నాయి? ప్రముఖుల చరిత్ర, పేరులేనివాళ్ల చరిత్ర రెండూ ఒకే నాణేనికి చెందినవి.

ఇంకొక విషయం. 1960ల నుంచి ఈ నగరంలో వచ్చిన ఐడీపీఎల్, బీహెచ్ఈఎల్, ఈసీఐఎల్ వంటి ప్రభుత్వ రంగ సంస్థల్లో రిజర్వేషన్ ఉండేది కాబట్టి వాడల్లోంచి ఒక చిన్న ఉద్యోగ వర్గం పుట్టింది. వాళ్ల పిల్లలే తర్వాత యూనివర్సిటీలకు చేరారు. మాదాపూర్ మేడల్లో ప్రైవేటు కొలువులకు ఆ రిజర్వేషన్ లేదు. అక్కడ 'మెరిట్' అనే మాట వినిపిస్తుంది. 1923 నాటి బడికి, 1910 నాటి బడికి మధ్య ఉన్న తేడాను లెక్కలోకి తీసుకోకుండా మెరిట్ గురించి మాట్లాడటం ఎట్లా కుదురుతుంది?

మన పని

రోడ్డుకు పేరు పెడితే సరిపోతుందని మేము అనడం లేదు. 2023లో హుస్సేన్ సాగర్ ఒడ్డున 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం లేచింది, సచివాలయానికి ఆయన పేరు పెట్టారు. మంచిదే. కానీ ఈ నగరంలోనే అంబేద్కర్ ఆలోచనను వాడవాడకూ మోసినవాళ్లు ఎవరో తెలియకపోతే ఆ విగ్రహం ఎక్కడినుంచో దిగివచ్చినట్టు కనిపిస్తుంది. రేపు మాదాపూర్‌లో ఒక కూడలికి భాగ్యరెడ్డి వర్మ పేరు పెట్టినా, ఆ కూడలి పక్క ఆఫీసులో మన పిల్లలు చీపురుతో మాత్రమే లోపలికి పోగలిగితే ఆ పేరుకు అర్థం లేదు. పేరు కోసం అడగాలి. పేరుతో పాటు బడి, కొలువు కూడా అడగాలి.

టీచర్లకు ఒక విన్నపం. 'మన నగర ప్రముఖులు' అని ప్రాజెక్టు ఇచ్చినప్పుడు, మీ బస్తీలో మొదట బడికి పోయినవాళ్లు ఎవరు, సంఘం పెట్టినవాళ్లు ఎవరు అని కూడా రాయించండి. విద్యార్థులు వాడల్లోని పెద్దల దగ్గర కూర్చోండి. పాత సంఘం రసీదు పుస్తకాలు, సభల కరపత్రాలు, ఫొటోలు, బడి రిజిస్టర్లు ట్రంకు పెట్టెల్లో చెదలు పడుతున్నాయి. వాటిని నకలు తీసి పెట్టండి. కార్యకర్తలు మే 22ను, డిసెంబర్ 1ని దండలు వేసి వదలకుండా, ఆ రోజు వాళ్లు చేసిన పని గురించి వాడల్లో మాట్లాడించండి. వెంకటస్వామి చేసిన పని 1955తో ఆగిపోకూడదు.

ఆ అమ్మాయికి మేము నాలుగు పేర్లు, తేదీలు కాగితం మీద రాసి ఇచ్చాం. భాగ్యరెడ్డి వర్మ, వెంకటరావు, ఈశ్వరీబాయి, సదాలక్ష్మి. బొమ్మలు ఎక్కడ దొరుకుతాయని అడిగింది. ఆమె ప్రాజెక్టు కోసం పోయే స్టేషనరీ దుకాణంలో అమ్మే ప్రముఖుల చార్టుల్లో వాళ్లు లేరు. ఆ చార్టు మనమే అచ్చు వేయించాల్సి ఉంది.